చిన్న పట్టణాల పురపాలక మండలి పనుల్లో నివాసుల మాట ఏ దశలో చెల్లుతుంది?

నల్లచెరువు నివాసి (చర్చ ప్రారంభించినవారు):

సభ్యులందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఉంటాను. మా అమ్మగారి ఇల్లు ఇక్కడికి అరగంట ప్రయాణ దూరంలోని ఒక చిన్న పట్టణంలో ఉంది. నా ప్రశ్న ఒక్క ఊరికి సంబంధించినది కాదు కాబట్టి ఆ పట్టణం పేరు ఇక్కడ రాయడం లేదు.

ఆ వీధిలో నిరుడు వేసవిలో సిమెంటు మురుగు కాలువ కట్టారు. పని నాణ్యంగానే జరిగింది, గోడలు నున్నగా, తిన్నగా ఉన్నాయి. అయితే తొలకరి వాన పడగానే వీధి చివర తూము దగ్గర నీళ్ళు వెనక్కి తన్ని, మా ఇంటికి మూడు ఇళ్ళ అవతలి వరకు పిక్కల లోతున నిలిచాయి. తెలిసిన తాపీ మేస్త్రిని పిలిచి, గొట్టంలో నీళ్ళు పోసి మట్టం చూపించాను. పాత తూము అడుగు కొత్త కాలువ అడుగు కంటే జానెడు ఎత్తున ఉందని తేలింది. ఆ జానెడు సంగతి పొద్దున్నే పాలు పోసే ఆయన మొదలుకొని ఎదురింటి అవ్వగారి వరకు వీధిలో అందరికీ ఏళ్ళ తరబడి తెలుసు, ఎందుకంటే ప్రతి వానాకాలం నీళ్ళు ఆగేది అక్కడే. కొలతలు తీసుకున్నవారు మమ్మల్ని అడగలేదు, మేమూ వెళ్ళి చెప్పలేదు. పని మంజూరైన సంగతి మాకు తెలిసిందే కంకర లారీ వచ్చి మలుపులో ఆగిన రోజున.

తర్వాత వార్డు కౌన్సిలరు గారిని కలిశాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి విన్నారు. అంచనా మండలి ఆమోదం పొందిందని, పని ముగిసి బిల్లు కూడా వెళ్ళిందని, ఇప్పుడు తూము మార్చాలంటే కొత్తగా అంచనా వేయాలని చెప్పారు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మండలి అనేది ఎలా పనిచేస్తుంది? వీధిలోని మనిషి నోరు విప్పవలసిన సమయం ఏది? తెలిసినవారు వివరంగా రాయగలరు.

విశ్రాంత ఇంజినీరు, పురపాలక శాఖ:

నల్లచెరువు నివాసి గారూ, నేను ఈ శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరు) చేరి, డీఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) విరమణ పొందాను. మీ మేస్త్రి గొట్టంతో చూపించిన ఆ జానెడు తేడా మావాళ్ళ కంట పడవలసింది. చదివి బాధ కలిగింది.

మీరు అడిగినదానికి సమాధానం చెప్పాలంటే, ఒక కాలువ కాగితం మీద ఎలా పుడుతుందో ముందు చెప్పాలి. వార్డు సచివాలయంలోని వసతుల కార్యదర్శి గానీ, కౌన్సిలరు గానీ ఫలానా వీధిలో డ్రెయిను కావాలని చెబుతారు. ఏఈ వచ్చి టేపు పట్టి పొడవు, వెడల్పు, లోతు తీసుకొని ఎస్టిమేట్ తయారు చేస్తారు. దానికి పై ఇంజినీరు సాంకేతిక మంజూరు ఇస్తారు. అప్పుడు అది మండలి అజెండాలోకి ఎక్కుతుంది. మండలి ఆమోదించాక టెండరు, ఆ తర్వాత వర్క్ ఆర్డరు, పని, ఎం-బుక్‌లో (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) నమోదు, చివరికి బిల్లు. ఈ మొత్తం వరుసలో అందరి దృష్టీ మండలి సమావేశం మీదే ఉంటుంది, పత్రికల్లో వచ్చేదీ అదే. కానీ అజెండాలో మీ కాలువ ఒక్క వరుస మాత్రమే: ఫలానా వార్డులో ఫలానావారి ఇంటి నుంచి తూము వరకు సీసీ (సిమెంటు కాంక్రీటు) డ్రెయిను నిర్మాణం, అంచనా ఇన్ని లక్షలు. అలాంటి వరుసలు నలభై, యాభై ఉంటాయి. తూము ఎత్తెంత అని అక్కడ ఎవరూ అడగరు, అడిగినా చెప్పడానికి ఆ కాగితంలో ఏమీ ఉండదు.

కాబట్టి నా అనుభవంలో నివాసి మాటకు నిజమైన విలువ ఉన్న రోజులు రెండే. మొదటిది ఏఈ టేపు పట్టుకొని వీధిలో నిలబడిన రోజు. రెండోది ఎం-బుక్‌లో కొలత రాసే రోజు. మొదటి రోజున ఒక్కరు వచ్చి "అయ్యా, ఈ తూము దగ్గర నీళ్ళు ఆగుతాయి" అంటే చాలు, అంచనాలో తూము కూడా చేరుతుంది. అదే మాట మండలి ఆమోదం తర్వాత చెబితే అది సవరణ అంచనా అవుతుంది, దానికి మళ్ళీ మంజూరు, మళ్ళీ అజెండా. ఏఈ ఎప్పుడు వస్తారో ముందుగా చాటింపు ఉండదు. అందువల్ల మీరే ముందు కదలాలి. వీధివారంతా సంతకాలు చేసిన అర్జీలో కావలసిన పనితో పాటు నీళ్ళు ఆగే చోటు కూడా రాసి కమిషనరు కార్యాలయంలో ఇచ్చి, ఇన్వర్డ్ నంబరు (అర్జీ అందినట్టు వేసే నమోదు సంఖ్య) వేయించుకోండి. ఆ నంబరు ఉన్న కాగితం ఫైలులో ఉంటే, అంచనా వేసేవారు దాన్ని చూడకుండా దాటలేరు.

పటమట పాఠకురాలు:

ఇంజినీరు గారి వివరణకు కృతజ్ఞతలు. ఒక చిన్న సందేహం. మండలి సమావేశానికి మామూలు మనుషులు వెళ్ళి కూర్చోవచ్చా? ఇక్కడ విజయవాడలో కార్పొరేటర్ల సమావేశం గురించి పత్రికల్లో చదవడమే తప్ప, లోపల ఏం జరుగుతుందో చూసినవారు మా అపార్టుమెంటులో ఒక్కరూ లేరు.

తెనాలి న్యాయవాది:

కూర్చోవచ్చునమ్మా. నేను చిన్న పట్టణాల మండలి సమావేశాలకు చాలాసార్లు సందర్శకునిగా వెళ్ళాను. మాట్లాడే హక్కు లేదు, వినవచ్చు. అధ్యక్ష స్థానంలో చైర్‌పర్సన్ ఉంటారు, పక్కన కమిషనరు. ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులుగా శాసనసభ్యులు, లోక్‌సభ సభ్యులు వస్తే వస్తారు. కో-ఆప్షన్ సభ్యులు, అంటే మండలి తానే చేర్చుకున్నవారు, మాట్లాడతారు గానీ వారికి ఓటు లేదు. సమావేశం నోటీసుతో పాటు అజెండా కౌన్సిలర్లకు కొన్ని రోజుల ముందే అందుతుంది. కాబట్టి మీ కౌన్సిలరును అడిగి ఆ కాగితం చూడడం సమావేశానికి వెళ్ళడం కంటే ఎక్కువ ఉపయోగకరం. ఇక టేబుల్ అజెండా అని ఒకటుంది. సమావేశం మొదలయ్యాక బల్ల మీద పెట్టే అదనపు అంశాలు అవి. అత్యవసరానికి ఉద్దేశించిన ఆ దారిలో మామూలు పనులు కూడా నడిచిపోతున్నాయంటే, మూడు రోజుల ముందు అజెండా చూసిన కౌన్సిలరుకు కూడా వాటి సంగతి తెలియదని అర్థం. ఇది నాకు చాలా ఆందోళన కలిగించే విషయం.

అసలు సమస్య ఇంకా లోతున ఉంది. పురపాలక సంస్థలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. 12వ షెడ్యూలులో 18 అంశాలను పురపాలక సంస్థలకు అప్పగించదగినవిగా రాశారు. కానీ వార్డు కమిటీలు తప్పనిసరి అని చెప్పే 243ఎస్ అధికరణం 3 లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాలకే వర్తిస్తుంది. విజయవాడ, గుంటూరు ఆ లెక్కలోకి వస్తాయి. మా తెనాలి 2011 జనాభా లెక్కల్లో సుమారు 1.65 లక్షలు, అంటే రాదు. ఇంకా చిన్న పట్టణాల సంగతి చెప్పనక్కర్లేదు. 2005లో వచ్చిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర పట్టణాభివృద్ధి పథకం నిధులకు ప్రజల భాగస్వామ్యంపై చట్టం చేయాలన్నది ఒక షరతు, ఆ పథకానికి ఎంపికైన నగరాల్లో విజయవాడ ఒకటి. ఆ తర్వాత మన రాష్ట్ర పురపాలక చట్టాల్లో వార్డు కమిటీ, ఏరియా సభ అనే మాటలు చేరాయి. చట్టంలో చేరిన మాట వీధిలోకి రాలేదు.

మరొక విచిత్రం గమనించండి. గ్రామ పంచాయతీలో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. అక్కడ బడ్జెట్టు గురించి సర్పంచిని నిలబెట్టి అడిగే హక్కు రైతుకూలీకి ఉంది. అదే గ్రామాన్ని నగర పంచాయతీగా, అంటే చిన్న పురపాలక సంస్థగా, మార్చిన మర్నాడు ఆ మనిషికి ఆ సభ ఉండదు. పన్ను పెరుగుతుంది, అడిగే చోటు పోతుంది. చిన్న పట్టణాల నివాసులకు జరిగిన అన్యాయాల్లో దీన్నే నేను పెద్దదిగా చూస్తాను.

కొత్తపేట వ్యాపారి:

న్యాయవాది గారి మాటలతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. మీరందరూ మండలి చేతిలో ఏదో ఉందన్నట్టు మాట్లాడుతున్నారు. చేతిలో ఉన్నది చాలా తక్కువ. గుంటూరు నగరపాలక సంస్థకు 2010లో పాలకవర్గం గడువు ముగిసింది. తర్వాతి ఎన్నిక 2021 మార్చిలో జరిగింది. నడుమ పదేళ్ళకు పైగా ప్రత్యేకాధికారుల పాలనే. ఐదేళ్ళకు మించి మండలి కొనసాగరాదని, గడువు తీరకముందే ఎన్నిక పూర్తి కావాలని 243యు అధికరణం చెబుతున్నా మన ఊళ్ళో జరిగింది ఇది. ఆ పదేళ్ళలో నా దుకాణం ముందు రోడ్డు గురించి అడగడానికి నాకు కార్పొరేటరు అనే మనిషే లేరు.

డబ్బు సంగతీ అంతే. 15వ ఆర్థిక సంఘం చిన్న పట్టణాలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టినవి. ఆస్తిపన్నును 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ మీద కాక మూలధన విలువ మీద వేస్తున్నారు. ఆ మార్పు చట్టసభలో జరిగింది, మన మండళ్ళలో పుట్టింది కాదు. చెత్త సేకరణ రుసుము 2021లో వచ్చి 2024లో రద్దయింది, రెండు నిర్ణయాలూ రాష్ట్ర స్థాయివే. ఇక కౌన్సిలరును పట్టుకొని మనం సాధించేది ఏమిటి?

విశ్రాంత ఇంజినీరు, పురపాలక శాఖ:

వ్యాపారి గారూ, మీరు రాసిన విషయాలను నేను కాదనను. పాలకవర్గం లేని సంవత్సరాల్లో నేను కూడా పని చేశాను. ఫైలు త్వరగా కదిలేది, నిజమే. కానీ ఏ వీధి ముందు, ఏ వీధి వెనుక అని నిలదీసే మనిషి ఎవరూ ఉండేవారు కాదు. ఆ లోటు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అయితే మీ ముగింపు సరికాదని నా నమ్మకం. పన్ను ఎలా వేయాలో మండలి నిర్ణయించకపోవచ్చు. ఏ వీధిలో దీపం, ఏ వీధిలో కుళాయి గొట్టం, ఏ సందులో కాలువ, లేఅవుటులో పురపాలక సంస్థకు వదిలిన పది శాతం ఖాళీ స్థలం చుట్టూ ప్రహరీ ఎప్పుడు అన్నవి ఇక్కడే తేలతాయి. నల్లచెరువు నివాసి గారి వీధిలో నీళ్ళు నిలిచింది రాష్ట్ర విధానం వల్ల కాదు, జానెడు తూము వల్ల.

పొదుపు సంఘం సభ్యురాలు:

అన్నయ్యగార్లందరికీ నమస్కారం. నేను పన్నెండేళ్ళుగా మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద నడిచే పొదుపు సంఘంలో ఉన్నాను. ఇక్కడ కొలతలు, అజెండాలు, అధికరణాల గురించి చదివాను. ఆడవాళ్ళకు ఎదురయ్యే ఇబ్బంది ఒకటి ఎవరూ రాయలేదు, అందుకని రాస్తున్నాను.

వార్డులో సమావేశం అంటే మమ్మల్నే పిలుస్తారు. కుర్చీలు నిండాలి కదా. ఉదయం పదకొండు గంటలకు పెడతారు. ఆ వేళకు మిర్చి యార్డుకు వెళ్ళేవారు, ఇళ్ళలో పనిచేసేవారు, కుట్టుపని చేసేవారు ఎవరూ రాలేరు. వచ్చినవాళ్ళం వెనుక కూర్చుంటాం, ముందు నుంచి ప్రసంగాలు అవుతాయి, చివర్లో సంతకాల పుస్తకం వస్తుంది. మా సంతకాలు హాజరు కోసమే గాని మా మాట కోసం కాదని నాకు చాలా కాలం అనిపించింది.

రెండేళ్ళ క్రితం మా వీధి కుళాయిలో నీళ్ళు చాలడం లేదని అందరం కలిసి వెళ్ళి చెబితే, అందరికీ సమానంగానే వదులుతున్నామని సమాధానం వచ్చింది. అప్పుడు మా సంఘం పిల్ల ఒకతె, ఇంటర్ చదువుతోంది, ఒక ఉపాయం చెప్పింది. పద్నాలుగు రోజుల పాటు వీధి మొదట్లో ఒక ఇంటి దగ్గర, చివర్లో ఒక ఇంటి దగ్గర, నీళ్ళు ఎన్ని గంటలకు వచ్చాయి, ఎన్నింటికి ఆగాయి, ఎన్ని బిందెలు నిండాయి అని లెక్కల నోటుపుస్తకంలో గీతలు కొట్టి రాశాము. మొదట్లో ఉన్న ఇంటికి పన్నెండు, పదమూడు బిందెలు వచ్చిన రోజున చివరి ఇంటికి నాలుగు కూడా రాలేదు. సోమవారం అర్జీల రోజున ఆ పుస్తకమే తీసుకెళ్ళి కమిషనరు గారి బల్ల మీద పెట్టాము. ఆయన పేజీలు తిప్పి చూసి, ఇంజినీరును పిలిచారు. వాల్వు తిప్పే ఆయన వచ్చి చూస్తే వీధి మధ్యలో వాల్వు సగమే తెరుచుకుంటోంది. మూడో రోజున మార్చారు. అంతకు ముందు మూడేళ్ళు మేము నోటితో చెప్పినది ఇదే.

అందుకని నా మనవి ఏమిటంటే, సమావేశం సాయంత్రం ఏడు తర్వాత పెట్టాలి, వీధిలోనే పెట్టాలి, మొదట మమ్మల్ని మాట్లాడనివ్వాలి.

పటమట పాఠకురాలు:

అక్కగారూ, ఆ నోటుపుస్తకం సంగతి చదివి మా అపార్టుమెంటు సంఘానికి ఇప్పుడే పంపించాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్ నగర్ వైపు ముంచెత్తినప్పుడు, ఏ సందులో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గోడల మీద మరకలు ఉండగానే మా బంధువులు కొందరు గుర్తులు పెట్టుకున్నారు. అలాంటి గుర్తులు పురపాలక కార్యాలయంలో కూడా ఉంటే డ్రెయిన్లు ఎక్కడ కట్టాలో తెలుస్తుంది కదా అని ఇప్పుడు అనిపిస్తోంది.

వేదిక నిర్వాహకులు:

సభ్యులకు మనవి. ఏ పార్టీ హయాంలో ఏం జరిగిందన్న రెండు సందేశాలను తొలగించాము. చర్చ నివాసుల భాగస్వామ్యం మీదే సాగనివ్వండి.

చీరాల చరిత్ర విద్యార్థి:

పన్ను, పట్టణం, ప్రజల సమ్మతి అనే మూడు మాటలు కలిసిన చోట చీరాల-పేరాల గురించి చెప్పకుండా ఉండలేను. అప్పుడు చీరాల గుంటూరు జిల్లాలోదే. రెండు ఊళ్ళనూ కలిపి పురపాలక సంఘంగా మార్చాలని మద్రాసు ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, పన్నుల భారం మోయలేమని నేతపనివారు, చిన్న రైతులు మొర పెట్టుకున్నారు. వినలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో 1921లో వేలాది మంది ఇళ్ళు వదిలి, ఊరి పొలిమేర దాటి రామనగరం పేరుతో పాకలు వేసుకొని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. పొలిమేర దాటితే పురపాలక పన్ను వర్తించదన్నది ఆ ఆలోచన. ఎండకూ వానకూ ఓర్చి, వారు అక్కడ తమ వ్యవహారాలు తామే చూసుకోవడానికి ఒక సభను కూడా ఏర్పరచుకున్నారు.

న్యాయవాది గారు చెప్పిన గ్రామసభ పోయిన బాధ నాకు ఇక్కడే కనిపించింది. వారు పట్టణం వద్దన్నారు గాని పాలన వద్దనలేదు. తమను అడగకుండా తమ మీద వేసిన పాలనను కాదన్నారు.

తెనాలి న్యాయవాది:

చాలా మంచి సందర్భం గుర్తు చేశారు. ఇప్పుడు ఊరు వదలనక్కర్లేదు, పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం అనగానే అందరూ కాగితాల నకళ్ళే అనుకుంటారు. ఆ చట్టంలోని 2(జె) నిబంధన ప్రకారం పనులను స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు తీసుకొనే హక్కు కూడా పౌరునికి ఉన్నాయి. సమాధానానికి గడువు 30 రోజులు. నల్లచెరువు నివాసి గారు అంచనా ప్రతి, ఎం-బుక్ నకలు, మండలి తీర్మానం మూడూ ఒకే దరఖాస్తులో అడగాలి. "నా వీధి కాలువ ఎందుకు ఇలా కట్టారు" అని ప్రశ్నగా అడిగితే సమాధానం రాదు. ఉన్న పత్రాన్ని పేరు పెట్టి అడగాలి.

కొత్తపేట వ్యాపారి:

బిందెల లెక్క చదివాక నా అభిప్రాయం కొంత మార్చుకుంటున్నాను. నిధుల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. పుణెలో 2006 నుంచి బడ్జెట్టు తయారీకి ముందే నివాసుల నుంచి చిన్న పనుల ప్రతిపాదనలు ఫారాల మీద తీసుకొంటున్నారని చదివాను. మన బడ్జెట్టు కూడా ఏప్రిల్ 1కి ముందే సిద్ధం కావాలి. కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లోనే మా వ్యాపారుల సంఘం తరఫున రాతపూర్వకంగా అడిగి చూస్తాను.

నల్లచెరువు నివాసి (ఏడు వారాల తర్వాత):

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. కాగితాలు చేతికి వచ్చే వరకు ఆగాను.

న్యాయవాది గారు చెప్పినట్టే దరఖాస్తు పెట్టాను. ఇరవై ఆరో రోజున నకళ్ళు వచ్చాయి. అంచనాలో కాలువ పొడవు, వెడల్పు, కాంక్రీటు పరిమాణం అన్నీ ఉన్నాయి. తూము ప్రస్తావన ఒక్క చోట కూడా లేదు. ఎం-బుక్‌లో రాసిన కొలతలను వీధివాళ్ళం టేపుతో సరిచూశాము, సరిపోయాయి. గుత్తేదారు చేసినదాంట్లో దోషం లేదు, ఆయనకు చెప్పిన పని ఆయన చేశారు. ఈ సంగతి తెలిశాక వీధిలో కోపం చాలావరకు తగ్గింది.

ఇరవై ఏడు ఇళ్ళవారి సంతకాలతో అర్జీ ఇచ్చి ఇన్వర్డ్ నంబరు తీసుకున్నాము. పది రోజులకు ఏఈ వచ్చారు, చిన్న వయసు అమ్మాయి. సాయంత్రం వేళ కావడంతో అందరూ ఇళ్ళ దగ్గరే ఉన్నారు. మేస్త్రి మళ్ళీ గొట్టం పట్టాడు. ఎదురింటి అవ్వగారు అరుగు దిగివచ్చి, తన ఇంటి గోడ మీద నీళ్ళు ఎంతవరకు వస్తాయో అరచేయి ఆనించి చూపించారు. ఆ అమ్మాయి అవ్వగారి చేతి కిందే సుద్దతో గీత గీసి, నేల నుంచి కొలిచి రాసుకుంది. వ్యాపారి గారూ, అడగవలసినవారు వచ్చి అడిగితే ఎలా ఉంటుందో నేను ఆ రోజే చూశాను.

కిందటి వారం మండలి సమావేశానికి సందర్శకునిగా వెళ్ళాను. మా పని ముప్పై ఒకటో అంశం. చదవడం, ఆమోదించడం కలిపి నిమిషం కూడా పట్టలేదు, ఇంజినీరు గారు ముందే చెప్పినట్టు. అయితే ఆ ఒక్క వరుసలో ఈసారి "ప్రస్తుత తూము అడుగు మట్టం తగ్గించి పునర్నిర్మించుట" అని ఉంది.

టెండరు ఇంకా పిలవలేదు. తూము తవ్వే రోజున అక్కడ నిలబడడానికి వీధి నుంచి ముగ్గురు పేర్లు ఇచ్చారు, అందులో ఒకరు అవ్వగారి మనవరాలు.